వట్టివేరు మనిషి

మగవాళ్ల సెంటు డబ్బా వెనక రాసిన మాటలు చదువుతుంటే పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి గురించి చెప్పే మాటలు గుర్తొస్తాయి. ఆత్మవిశ్వాసం గలవాడు, స్వేచ్ఛాప్రియుడు, నిలకడైన మనిషి, అవసరమైతే సాహసి. డబ్బాలో ఉన్నదేమో నూరు మిల్లీలీటర్ల ద్రవం. అందులో ఎక్కువ పాలు ఆల్కహాలు, కాసిని నీళ్లు, పదో వంతుకు అటూ ఇటూగా వాసన నూనెలు. ఇన్ని సుగుణాలున్న మనిషిని ఆ పదో వంతులో ఎలా ఇరికించారో ఆ కంపెనీ వాళ్లకే తెలియాలి.

ఈమధ్య ఏ దుకాణానికి వెళ్లినా ముందుగా మణికట్టు మీద కొట్టేది ‘ఫ్రెష్ వుడీ’ రకం. పైపైన నిమ్మ, నారింజ, బెర్గమాట్ తొక్కల చురుకు. అడుగున దేవదారు, గంధం, వట్టివేరు లాంటి చెక్కల, వేళ్ల నిమ్మళం. “ఆఫీసుకీ కొట్టుకోవచ్చు సార్, ఫంక్షన్‌కీ కొట్టుకోవచ్చు. కాన్ఫిడెంట్‌గా ఉండేవాళ్లు ఇదే అడుగుతారు” అంటాడు అమ్మే కుర్రవాడు. అతను నన్ను చూసి రెండు నిమిషాలు కాలేదు. అయినా ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. వ్యాపారమంతా ఆ ఇంపులోనే ఉంది.

ఇంతకీ వాసనకు వ్యక్తిత్వం ఉంటుందా? ఉంటుందనే నా నమ్మకం. కాకపోతే డబ్బా మీద ఉన్నవాడూ సీసాలో ఉన్నవాడూ ఒకడు కాదు.

డబ్బా మీదివాణ్ణి ముందు చూద్దాం. 2015లో దియోర్ కంపెనీ ‘సొవాజ్’ అనే సెంటు తెచ్చింది. దాని ప్రకటనలో జానీ డెప్ గిటారు వాయించడం ఆపేసి, కారెక్కి, ఊరొదిలి ఎడారిలోకి వెళ్లిపోతాడు. అక్కడ గొయ్యి తవ్వి ఒంటి మీది నగలు పాతిపెడతాడు. 2019లో అదే సెంటుకి అమెరికా ఆదివాసుల నృత్యంతో మరో ప్రకటన తీశారు. ‘ఆటవికం’ అని అర్థమొచ్చే పేరున్న సరుక్కి ఆదివాసుల్ని ముడిపెడతారా అని గొడవ లేచేసరికి దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1983లో ఫ్రాన్స్‌లో పుట్టిన యాక్స్ స్ప్రేది ఇంకో దారి. మన టీవీల్లో కూడా ఏళ్ల తరబడి ఒకటే కథ నడిచింది: కుర్రాడు ఒంటికి కొట్టుకుంటాడు, ఆడపిల్లలు వెంటపడతారు. ఆ దారిలో ఎంత దూరం పోవచ్చో 2022 జూన్‌లో తెలిసింది. ఒక బాడీ స్ప్రే ప్రకటన సామూహిక అత్యాచారాన్ని హాస్యంగా సూచిస్తోందని జనం మండిపడితే, కేంద్ర సమాచార ప్రసార శాఖ దాన్ని తీసేయించింది.

ఈ ప్రకటనల్లో మగాడు ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని జయిస్తూ ఉండాలి. కొండో, ఎడారో, ఆడపిల్లో. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలకు లెక్కలు చెప్పే మగాడికి సెంటు అవసరం లేదని వాళ్ల ఉద్దేశం కాబోలు.

మా నాన్నగారి తరం మాత్రం అసలు మగాడికి సెంటేమిటి అనుకునే తరం. గడ్డం గీసుకున్నాక పటికముక్క, స్నానానికి మైసూర్ శాండల్ సబ్బు, ఎండాకాలం మెడ వెనక కాస్త పౌడరు. అంతకు మించితే ‘షోకిలా’ అని పేరు పడేది. ఇదేదో తాతలనాటి సంప్రదాయమని మనం అనుకుంటాం గానీ, తాతల తాతలు ఇలా లేరు. పద్నాలుగో శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని పేరు. వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించినందుకు వచ్చిన పేరది. ఆ సుగంధ ద్రవ్యాలను ఓడల మీద దేశదేశాల నుంచి తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆ శెట్టికే. అదే శ్రీనాథుడు తెలుంగరాయడనే ప్రభువును కస్తూరి ఇప్పించమని చాటుపద్యంలో అడిగాడు. కత్తి పట్టిన రాజుకు గానీ, ఓడలు నడిపిన శెట్టికి గానీ, కస్తూరి అడిగిన కవికి గానీ, వాసన పూసుకుంటే మగతనం తరిగిపోతుందన్న బెంగ ఉన్నట్టు కనిపించదు.

ఇంకా వెనక్కి పోతే ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు. బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే పెట్టాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఏరుకుంటే 1820 కలయికలు వస్తాయని లెక్క తేల్చాడు. ఆ పదహారులో గంధం ఉంది, అగరు ఉంది, ఉశీరమనే పేరుతో మన వట్టివేరూ ఉంది. ఇవి ఆడవాళ్లకు, ఇవి మగవాళ్లకు అని ఆ లెక్కలో గీత లేదు.

ఆ గీత గీసింది ఇటీవలి బజారు. అదీ నిలకడగా గియ్యలేదు. ఓల్డ్ స్పైస్ పేరుతో అమెరికాలో 1937లో మొదట అమ్మింది ఆడవాళ్లకు. మరుసటి ఏడాది అదే పేరుతో మగవాళ్ల సరుకు తెచ్చారు. ఇక ఆ తర్వాత సముద్రం, ఓడలు, నావికులు. 1966లో ఎద్‌మోన్ రుద్నిత్‌స్కా దియోర్‌కి చేసిన ‘ఓ సొవాజ్’ మగవాళ్ల సెంట్లలో ఒక మైలురాయి అంటారు. నిమ్మ వాసనకు అంత గాలి, అంత వెలుతురు తెచ్చిపెట్టింది హెడియోన్ అనే పదార్థం. జాజిపూల నూనెను శోధిస్తుంటే రసాయన శాస్త్రవేత్తల చేతికి చిక్కిన పదార్థమది. అంటే మగవాళ్ల సెంట్ల రాజు జేబులో జాజిపూలున్నాయి. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరికీ నామోషీ కలగలేదు.

ఇక సీసాలో ఉన్నవాడి సంగతి.

చెక్క వాసన అనగానే పడమటి దేశాల ప్రకటనలకు గొడ్డలి, మంట, తోలుబూట్లు గుర్తొస్తాయి. మనకు గుర్తొచ్చేది చల్లదనం. సింహాచలం అప్పన్నను తలుచుకోండి. ఆయనది వరాహ నారసింహ రూపం. ఆ ఉగ్రం చల్లారాలని ఏడాది పొడుగునా స్వామిని గంధంతో కప్పి ఉంచుతారు. అక్షయ తృతీయనాడు మాత్రం ఆ పూత ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ తర్వాత నాలుగు విడతలుగా మళ్లీ గంధం పూస్తారు. పౌరుషానికి నరసింహస్వామిని మించిన రూపం ఏ ప్రకటనల కంపెనీకి దొరుకుతుంది? అంతటివాడికి మనవాళ్లు పూసింది చెక్క అరగదీసిన ముద్ద. రెచ్చిపొమ్మని కాదు, నెమ్మదించమని.

పెళ్లిళ్లలో ఎదురుకోలు కూడా ఇదే లెక్క అని నా అనుమానం. వైశాఖపు ఎండలో బస్సులు దిగి, కాఫీ ఆలస్యమైందని చిటపటలాడే మగపెళ్లివారికి ఎదురెళ్లి చేతులకు గంధం పూస్తారు, మీద పన్నీరు చిలకరిస్తారు. మర్యాద సరే, ముందు ఆ వేడి దించాలి కదా.

వట్టివేరు ఇంకా దగ్గరి చుట్టం. మా చిన్నప్పుడు బెజవాడ ఎండల్లో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి గంటగంటకూ నీళ్లు చల్లేవారు. కుండలో మంచినీళ్లకు చిన్న కట్ట కట్టి వేసేవారు. ఇప్పుడు కొన్ని ఎయిర్ కూలర్లకు ఆ వేళ్లే బిగిస్తున్నారు. శాస్త్రం అడిగితే చల్లదనం తడి ఆరడం వల్ల వస్తుందంటుంది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని పట్టుకుపోతుంది. వాసనకు అందులో ప్రమేయం లేదు. కానీ ముక్కు శాస్త్రం చదువుకోలేదు. మధ్యాహ్నం చీకటి గది, తడినేల, పడుకున్న ఇల్లు, ఆ వాసన, అన్నీ ఒకే మూట కట్టి దాచేసింది. నలభై ఏళ్ల తర్వాత ఏ అద్దాల దుకాణంలోనో ఆ వేరు తగిలితే భుజాలు వాటంతట అవే కిందికి దిగుతాయి.

ఫ్రాన్స్ ముక్కుకి అదే వేరు మరో మనిషిని చూపిస్తుంది. గెర్లాన్ కంపెనీ ‘వెతివేర్’ అరవై ఏళ్లకు పైగా అమ్ముతోంది. నిమ్మ, పొగాకు, జాజికాయ, వట్టివేరు కలిసిన వాసన. అక్కడ అది ఇస్త్రీ మడత నలగని సూటు వాసన, పుస్తకాల గదిలో పైపు కాల్చే పెద్దమనిషి వాసన. 2006లో జాన్-క్లోద్ ఎలెనా ఎర్మెస్ కంపెనీకి ‘టెర్ దెర్మెస్’ అని చేశాడు. నారింజ తొక్క, మిరియం, చెకుముకి రాయి లాంటి పొడి వాసన, కింద వట్టివేరు. మగవాళ్ల సెంట్లలో మామూలుగా పోసే కస్తూరి రకాలు అందులో వేయలేదు. నేలకూ ఆకాశానికీ మధ్య నిలబడిన మగాడు అన్నట్టు దానికి ప్రచారం. అది కొట్టుకుని ఇంటికెళ్తే మా అమ్మ దగ్గరికొచ్చి రెండుసార్లు ఎగపీల్చింది. “ఏమిట్రా, నీ దగ్గర కుండలో నీళ్ల వాసనొస్తోంది?” అంది. ఆ సెంటు గురించి నేను చదివిన సమీక్షలన్నిట్లోకీ అదే సరైనదని ఇప్పటికీ అంటాను.

మా అమ్మ ముక్కు, పారిస్ ముక్కు ఒకే వాసనలో ఇద్దరు మనుషుల్ని చూడటంలో వింతేమీ లేదు. 2001లో రేచెల్ హెర్జ్, ఆమె సహ పరిశోధకురాలు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే వాసనను ఒకసారి పార్మెజాన్ జున్ను అని చెప్పి, మరోసారి వాంతి అని చెప్పి చూపించారు. జున్ను అన్నప్పుడు బాగుందన్నారు, వాంతి అన్నప్పుడు ముఖం చిట్లించారు. ముక్కు ముందు పేరు వింటుంది, ఆ తర్వాతే వాసన చూస్తుంది. కాబట్టి ‘ధీరుడు’ అని రాసిన సీసాలో ధీరుడు కనిపించడం పెద్ద విశేషం కాదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. శేషాచలం ఎర్రచందనం పేరులోనే చందనం ఉంది, చెక్కలో ఆ పరిమళం లేదు. దాని గొప్పదనమంతా రంగులో, చేవలో. అటు 1882లో ఉబిగాన్ కంపెనీకి పాల్ పార్కే ‘ఫూజేర్ రొయాల్’ అనే సెంటు చేశాడు. ఫూజేర్ అంటే ఫెర్న్ మొక్క. ఆ మొక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. ప్రయోగశాలలో చేసిన కూమరిన్ వేసి, లేని వాసనకు ఒక రూపం కల్పించాడు. ఈనాటికీ మగవాళ్ల సెంట్లలో ఒక వంశమంతా ఆ పేరు మీదే నడుస్తోంది. ఇప్పుడు మనం కొనే అడవుల్లోనూ చాలా వరకు చెట్లుండవు. 1970లలో అమెరికా కంపెనీ ఒకటి తయారుచేసిన ఐసో ఈ సూపర్ అనే పదార్థం దేవదారు నీడలాంటి పల్చని చెక్క వాసన వేస్తుంది. టెర్ దెర్మెస్‌లో అది దండిగానే ఉంది. ఇది మోసమని నేననను. గంధపు చెట్టు చేవ తేలడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఉన్న చెట్లను దొంగలు నరుక్కుపోతున్నారు. ఫ్యాక్టరీలో పుట్టిన చెక్క వాసన వల్ల ఒక చెట్టు నిలిచినా మంచిదే.

ఇలా పేరు తీసేసి, ప్రకటన తీసేసి, చిన్ననాటి జ్ఞాపకం కూడా పక్కనపెడితే సీసాలో మిగిలేది ఒకటుంది. అది నడక. ఒంటి మీద పడ్డ క్షణం నుంచి ఆ వాసన ఏ క్రమంలో మారుతుందన్నది ఎవరి ఊహా కాదు. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమొనీన్ తేలికైన అణువు, దాని అణుభారం 136. వట్టివేరులోని ఖుసిమాల్‌ది 220, గంధంలోని శాంటలాల్‌ది కూడా 220. తేలికది తొందరగా ఎగిరిపోతుంది, బరువుది ఒంటిని పట్టుకుని ఉంటుంది. మన ఎండల్లో అయితే నిమ్మ పావుగంట ఉంటే గొప్ప. అంటే ఈ రకం సెంటు పలకరింపుతో మొదలవుతుంది, నవ్వుతుంది, కబుర్లు చెబుతుంది. కాసేపటికి ఆ సందడి సద్దుమణుగుతుంది. అప్పుడు తెలుస్తుంది లోపల మనిషి ఉన్నాడా, ఉత్త పలకరింపేనా అని. కొన్ని సెంట్లలో పావుగంట తర్వాత ఎవరూ ఉండరు. చక్కెర కలిపిన చెక్కపొడి మాత్రం ఉంటుంది.

చార్మినార్ దగ్గర అత్తర్లమ్మే పెద్దాయనకు ఈ అణుభారాలు తెలియవు గానీ సంగతి తెలుసు. గాజు పుల్లతో మణికట్టు వెనక గీత గీసి, నేను నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇప్పుడే ఏం చెప్పకుండ్రి సాబ్. చాయ్ తాగి రాండ్రి. అప్పుడు మల్ల చూసి చెప్పుండ్రి.” అది కన్నౌజ్ నుంచి వచ్చిన ఖస్, అంటే వట్టివేరు అత్తరు. అక్కడ వట్టివేళ్లను రాగి డేగిశాల్లో నీళ్లతో ఉడికించి, ఆవిరిని వెదురు గొట్టాల్లోంచి పంపి చల్లార్చి పడతారు. రాగి తగలడం వల్ల అసలైన రూహ్ ఖస్‌కు పచ్చని రంగు వస్తుంది. చాయ్ తాగి వచ్చేసరికి నా మణికట్టు మీద వాన పడ్డ పొలంగట్టు ఉంది. దూది పోచకు కాస్త అద్ది చెవి మడతలో పెట్టి పంపించాడాయన. చెవిలో దూదితో బస్సెక్కిన నన్ను చూసి ఎవరూ ఎడారి వీరుడనుకోలేదు. పక్క సీటు పెద్దమనిషి మాత్రం “ఖస్సా?” అని అడిగి, దిగేదాకా కబుర్లు చెప్పాడు.

ఈ వాసన సూచించే మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ప్రకటన కన్నా మొక్కను చూడటం మేలు. వట్టివేరు చూడ్డానికి మామూలు గడ్డి దుబ్బు. పూలకు వాసన లేదు, ఆకుకు పెద్దగా లేదు. ఉన్నదంతా వేరులో. ఆ వేళ్లు పక్కలకు పాకవు, నిలువునా మూడు నాలుగు మీటర్ల దాకా కిందికి దిగుతాయి. అందుకే నేలకోత ఆపడానికి ప్రపంచ బ్యాంకు 1980లలో మన దేశంలో ఈ గడ్డిని ప్రచారం చేసింది. గట్టు మీద వరసగా నాటితే మట్టి కొట్టుకుపోదు. సాగులో ఉన్న రకాలు చాలా వరకు విత్తనంతో వ్యాపించవు కూడా. నాటినచోట ఉంటుంది, పక్కవాడి చేలోకి పోదు.

నాకు తెలిసి అలాంటి మగవాళ్లున్నారు. వాళ్ల గురించి ఎవరూ ప్రకటన తియ్యరు. గదిలోకి వచ్చినట్టు చప్పుడుండదు. నవ్వుతూనే పలకరిస్తారు, చురుగ్గానే మాట్లాడతారు. అవతలివాడు గొంతు పెంచితే వీళ్లు పెంచరు. గొడవ జరుగుతున్న ఇంటికి పిలుచుకొచ్చేది వాళ్లనే. వాళ్లు వెళ్లిపోయాక కాసేపటికి గానీ, వాళ్లుండబట్టే పరిస్థితి చెయ్యి దాటలేదని తోచదు. ఫ్రెష్ వుడీ అనే మాటకు నాకు తోచే వ్యక్తిత్వం ఇది. చురుకుదనం పైన, నెమ్మది కింద. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉండటం సులువు కాదు. మామూలుగా చురుకైనవాడు నిలవడు, నిలిచేవాడు విసుగు పుట్టిస్తాడు.

సెంటు కొట్టుకుంటే ఆ గుణం వస్తుందా అంటే రాదు. సెంటులో కాస్తో కూస్తో బయటపడే గుణమంటూ ఉంటే అది కొట్టుకునే మోతాదులో ఉంది. హైటెక్ సిటీలో పొద్దున్న తొమ్మిదిన్నర లిఫ్ట్ ఎక్కితే తెలుస్తుంది. ఎనిమిది అంతస్తులు ఊపిరి బిగబట్టి ఎక్కిన రోజులున్నాయి. ఆ కొట్టుకున్నవాడి తప్పు కూడా పూర్తిగా కాదు. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు కాసేపటికి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. చెక్క వాసనల్లో కొన్ని ఇంకా గడుసువి, పూసుకున్నవాడికి తెలియకుండా ఎదుటివాడికి మాత్రమే తెలుస్తాయి. అతనేమో వాసన పోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటాడు. తన వాసన తనకు తెలియదు కాబట్టి, ఎంత చాలన్నది పక్కవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే. అలా అడగగలిగిన మగాడు దొరికితే అతనికి నేను ఏ సీసా అయినా కొనిపెడతాను.

కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అట్టముక్క మీద కొట్టి ఇచ్చినది చూసి డబ్బు కట్టకండి. మణికట్టు మీద కొట్టించుకుని బయటికి రండి. ఎండలో తిరగండి, భోజనం చెయ్యండి. రెండు గంటల తర్వాత కూడా ఆ వాసన మీకు నచ్చితే, ఇంట్లోవాళ్లు దగ్గర కూచుని తలనొప్పి అనకపోతే, అప్పుడు వెళ్లి కొనుక్కోండి. మన వేసవికి మెడ దగ్గర ఒకటి, చొక్కా లోపల ఒకటి చాలు. లిఫ్ట్‌లో వెళ్లాల్సిన పనుంటే చొక్కా లోపలిది ఒక్కటే చాలు.